పిడికెడు బియ్యం పిల్లల చేతికివ్వండి

సంపాదకులకు,

డిసెంబర్ వచ్చిందంటే మా మెదక్‌లో సెమీ క్రిస్మస్‌ల సందడి మొదలవుతుంది. స్టార్లు, కేకులు, క్యారల్స్... వీటి మీద నాకే ఫిర్యాదూ లేదు. చిన్నప్పుడు గొంతు బొంగురుపోయేదాకా ఇల్లిల్లూ తిరిగి పాడినదాన్నే. నా బాధల్లా, పిల్లలకు కృతజ్ఞత నేర్పుతున్నామంటూ మనం చేసే ఒక పని గురించి. హాస్టల్ పిల్లల్ని వరసగా నిలబెట్టి, మన పిల్లల చేత దుప్పట్లో బొమ్మలో ఇప్పించి, ఫొటో తీస్తాం. ఇంటికొచ్చే దారిలో "చూశావా, పాపం వాళ్లకేమీ లేవు, నీకు అన్నీ ఉన్నాయి" అంటాం.

ఆ వరసలో నిలబడినదాన్ని నేను. హాస్టల్‌లో ఉండి చదువుకున్నాను. ఏడో తరగతిలో క్రిస్మస్‌కు నాకిచ్చిన గౌను భుజాల దగ్గర పట్టలేదు. అయినా నవ్వమన్నారు, నవ్వాను. ఇచ్చిన పిల్లదీ నా ఈడే. ఆ పిల్లకు కృతజ్ఞత అబ్బిందో లేదో గానీ నాకు మాత్రం ఆ నవ్వు ఇప్పటికీ చేదుగానే గుర్తుంది.

కృతజ్ఞత అంటే ఏమిటో నాకు తెలిసింది మా అమ్మ పొయ్యి దగ్గర. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేసేది. కోతలయ్యాక పెద్ద పిడికిలి, గింజలు అడుగంటిన నెలల్లో చిన్న పిడికిలి. మానడం మాత్రం లేదు. ఆదివారం ఆ బియ్యం మూట కట్టి గుడికి, అదే చర్చికి, మోసుకెళ్లడం నా పని. "మనకే చాలట్లేదు కదమ్మా" అని ఒకసారి అంటే, "అందుకే పిడికెడు బిడ్డా, ఉంటే సోలెడు పోయకపోదునా" అంది. ఇలా పిడికెడు బియ్యం తీసే అలవాటు మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలా ఇళ్లలో ఉండేది. ఇప్పుడు కవర్లో డబ్బు పెట్టేస్తున్నాం. పిల్లలకు ఆ కవరు బరువు తెలియదు.

మా చర్చిని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గోపురం చూసి, రంగుటద్దాల కిటికీలు చూసి వెళ్లిపోతారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి, తిండి పెట్టి కట్టించిన గుడి అది. మిషనరీ పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించాడు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. రాళ్లు మోసినవాళ్లలో మా తాత ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటాం. అన్నం పెట్టారని కాదు, మేం కట్టామని చెప్పుకుంటాం. కిటికీల కన్నా ముందు ఈ సంగతి పిల్లలకు చెప్పాలి.

అలాగని నేనేమీ తక్కువ తినలేదు. నిరుడు మా సండే స్కూల్లో క్రిస్మస్ ఫ్రెండ్ చీటీలు తీశాం. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్లకు కానుక తేవాలి. ఒక పిల్ల తన ఫ్రెండ్‌కి ఆరు జామకాయలు తెచ్చింది, పేపర్లో చుట్టి. (అది మీ పత్రికే, ఆదివారం సంచిక.) పక్కన అందరివీ మెరిసే కాగితాల డబ్బాలు. పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్లను కోప్పడాల్సిన నేను, ఆ పిల్లతో "వచ్చే ఏడు ఏదైనా మంచిది కొనుక్కురా" అన్నాను. ముప్పై ఏళ్లుగా పసి యేసును పడుకోబెట్టిన పశువుల తొట్టి కథ చెప్తున్న నోటితోనే అన్నాను. చెట్టెక్కి కోసినప్పుడు గీరుకుపోయిన ఆ చేయి తర్వాత చూశాను.

అందుకే ఈసారి చీటీలు తీసేటప్పుడే చెప్పేశాను: కొన్నది తేకూడదు, ఫొటోలు దిగకూడదు, రోజూ ఇంట్లో పిడికెడు బియ్యం పిల్లలే తీయాలి. ఇద్దరు తల్లులు నొచ్చుకున్నారు. "కొనకపోతే ఇంకేం తెస్తారు టీచర్?" అని ఒకావిడ నిలదీసింది కూడా. మిగతా సంఘాల వాళ్లూ ఒక్క ఏడాది చేసి చూడమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

మొన్న ఆదివారం అందరూ వెళ్లాక ఆ జామకాయల పిల్ల ఆగి, "టీచర్, ఈ ఏడు మా చెట్టు కాయలేదు. ఏం తేవాలి?" అంది. వచ్చే ఆదివారం చెప్తానన్నాను. ఇంకా ఏమీ తోచలేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, మెదక్