గుర్రం కాళ్లకు ఘనపుటడుగుల లెక్కా?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ పత్రిక జిల్లా పేజీలో ఒక ఆలయం వారి టెండరు ప్రకటన చూశాను. పేరు ఎందుకులెండి, ఇలాంటివి ఏటా ఎక్కడో ఒక చోటి నుంచి వస్తూనే ఉంటాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినట్టే ఉంటాయి. అశ్వవాహనం ఒకటి కావాలట. టేకు కలప ఇన్ని ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు ఇంత చొప్పున ధర వేయాలి, వాహనం ఏకఖండంగా, అంటే ఒకే దుంగలోంచి తీసినదై ఉండాలి, పని అప్పగించిన 45 రోజుల్లో అందజేయాలి, ఆలస్యమైతే రోజుకింత కోత. గుర్రం ఎలా ఉండాలో మాత్రం ఒక్క ముక్క లేదు. నమూనా ఫోటోను కార్యాలయంలో చూసుకోవచ్చని చివర రాశారు.

నేను మాధవమాలలో కొయ్య చెక్కుతాను. ఏర్పేడు మండలంలోని మా ఊరు దారుశిల్పానికి పేరున్నదే కాబట్టి పరిచయం అక్కర్లేదనుకుంటాను. మా నాన్న దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నాను. వాహనాలు, తలుపులు, పూజామందిరాలు, విగ్రహాలు చేస్తూ పిల్లల్ని చదివించుకున్నాను. టెండర్లు రాసే కార్యాలయంలో కొయ్యపని సాగే తీరు తెలిసినవారు ఒక్కరైనా ఉండి ఉంటే ఆ ప్రకటన అలా వచ్చేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

మొదట ఆ ఏకఖండం సంగతి. రాతికి అది గొప్పే. లేపాక్షి నంది ఏకశిల కాబట్టే జనం అంత దూరం వెళ్లి చూస్తారు. కొయ్యకు ఆ లెక్క పనికిరాదు. చెట్టు నిలువునా ఎలా పెరిగిందో నార అలా సాగి ఉంటుంది. దుంగను పడుకోబెట్టి అందులోంచి గుర్రం ఒంటిని తీస్తే నార తోక నుంచి మెడ వైపు నడుస్తుంది. కాళ్లు కూడా అదే దుంగలోంచి తీస్తే వాటిలో నార అడ్డంగా పడుతుంది. అశ్వవాహనానికి ముందు కాళ్లు పైకెత్తి ఉంటాయి కదా, మణికట్టంత సన్నగా ఉండే ఆ చోట అడ్డనార పడిందంటే, మాడవీధి మలుపులో బోయీలు వాహనాన్ని ఒక్కసారి గట్టిగా ఊపితే చాలు, కాలు పుటుక్కున విరిగి వస్తుంది. అందుకని మా పెద్దలు కాళ్లను నిలువు నార ఉన్న వేరే కొయ్యలో చెక్కి, కుసి (తొర్రలోకి దిగే సన్నటి కొస) తీసి, ఒంటికి బిగించేవారు. మెడా అంతే, చెవులూ అంతే. ఒంటిని కూడా నిండుగా ఉంచరు. దుంగ నడిమధ్య ఉండే బెండు దగ్గరే బీటలు మొదలవుతాయి. దాన్ని తొలిచేస్తే ఆ బెడదా తగ్గుతుంది, మోసేవారి భుజాలకు బరువూ తగ్గుతుంది. ఏకఖండమని పట్టుబట్టి, ఘనపుటడుగుకు ధర కట్టడమంటే, లోపల తొలవకుండా బరువుగా వదిలేసినవాడికి ఎక్కువ డబ్బిచ్చి, కష్టపడి తొలిచినవాడికి తక్కువ ఇవ్వడం.

అతుకులు కనపడవా అని అడుగుతారు. నా బుర్రకు అసలు పని అక్కడే. జీను పట్టీ, మెడ పట్టెడ, మువ్వల వరుస, రొమ్ము మీది పతకం, ఇవి ఎక్కడ రావాలో అందం చూసి మాత్రమే నిర్ణయించను. అతుకు ఎక్కడ పడుతుందో ముందు తేల్చుకుని నగను దాని మీదికి తెస్తాను. ఒక గుర్రానికి రొమ్ము మీది పతకం తీసేసి నున్నగా ఉంచమని కోరిన దాత ఒకాయన ఉన్నారు. తీస్తే దాంతోపాటు కాలు కూడా వస్తుందండీ అని చెప్పాల్సి వచ్చింది.

వాహనాన్ని ఎవరూ కంటికి సమంగా పెట్టుకుని చూడరు. అది భుజాల మీద ఉంటుంది, మనం కింద నిలబడి ఉంటాం. కింది నుంచి చూస్తే గుర్రం గడ్డం, ముక్కుపుటాల అడుగు, పొట్ట ముందు కనపడతాయి, కళ్లు దాదాపు కనపడవు. అందుకని తలను కాస్త దించుతాను, కనుగుడ్డును కిందికి తిప్పుతాను, నుదుటిని కొంచెం పెంచుతాను. షెడ్డులో నేల మీద ఉన్నప్పుడు ఆ తల అదోలా కనిపిస్తుంది. ఒక ఆలయ కమిటీ పెద్దలు వచ్చి, గుర్రం అలిగి తల వంచుకున్నట్టుందని, పని ఆపమన్నారు. వారిని చాప మీద కూర్చోబెట్టి, నలుగురం కలిసి గుర్రాన్ని బల్ల మీదికి ఎక్కించాం. ఆ తర్వాత వారు తల గురించి మాట్లాడలేదు. టీ తాగి, తోక ఇంకొంచెం పొడుగు పెట్టమని చెప్పి వెళ్లారు. తోక విషయంలో వారి మాటే నిజమైంది, పెంచాక బాగుంది.

ఇవేవీ నమూనా ఫోటోలో ఉండవు. ఫోటోకు వెనకవైపు కూడా ఉండదు. ఈ మధ్య కృత్రిమ మేధ గీసిన బొమ్మలు ఫోనుకు పంపి, అచ్చం ఇలాగే కావాలంటున్నారు. ఒకరు పంపిన ఆంజనేయస్వామికి గద పట్టిన చేతికి ఆరు వేళ్లున్నాయి, తోక ఎక్కడ మొదలైందో తెలియదు. కండలు మాత్రం వ్యాయామశాల ప్రకటనలో ఉన్నట్టున్నాయి. కాగితం మీద ఆరో వేలు ఎవరి కంటా పడదేమో గాని, చెక్కేవాడు ప్రతి వేలినీ లెక్కపెట్టే తీరాలి. ఆ బొమ్మను పక్కన పెట్టి, స్వామి బరువు ఏ కాలి మీద ఉంది, గద బరువుకు భుజం ఎటు వంగుతుంది అని మొదటి నుంచి గీసుకున్నాను. గీసి చూపిస్తే ఒప్పుకున్నారు. అడగాలేగాని, చాలామంది ఒప్పుకుంటారు.

ఆ గీత గురించే నా అసలు బాధ. మా పనిలో సగం ఉలి ముట్టకముందే జరుగుతుంది. ప్లైవుడ్ పలక మీద నిలువెత్తు బొమ్మ గీస్తాం, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. దేవతామూర్తి అయితే తాలమానం, అంటే మూర్తి కొలతల పద్ధతి ఉంటుంది. విష్ణుమూర్తికి ఉత్తమ దశతాలం, అంటే మూర్తి ఎత్తును 124 సమభాగాలు చేసి ఒక్కో భాగాన్ని అంగుళం అంటారు, ఇది టేపు మీది అంగుళం కాదు. అమ్మవారికి మధ్యమ దశతాలం, 120. గణపతికి పంచతాలం. మూడడుగుల వేంకటేశ్వరస్వామికి ఆ అంగుళం ఏడున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. ముఖం ఎంత, మెడ ఎంత, మోకాలు ఎక్కడ అన్నీ దాన్ని బట్టే. శాస్త్రం అంతవరకు చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఆ తర్వాత దుంగతో మాట్లాడుకోవలసింది మనమే. బుగ్గ రావలసిన చోట ముడి ఉంటే ఏం చేయాలి? దుంగను అటూ ఇటూ తిప్పి, ఆ ముడిని చక్రం నడిమధ్యకో, కిరీటం వెనక్కో తీసుకుపోవాలి. దుంగ ముందు పనిలేనివాడిలా కూర్చుని చూస్తున్న ఆ రోజులకు కూలి ఎవరూ ఇవ్వరు. మా ఇంట్లో వాళ్లకే అది పనిలా అనిపించదు, ఇక టెండరు రాసేవారిని ఏమనగలం.

ఇక 45 రోజులు. గాలికి ఆరబెట్టే కలపకు అంగుళం మందానికి ఏడాది అని మా వాళ్ల మోటు లెక్క. కలప అడితి నుంచి తెచ్చిన దుంగ పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. కొసలకు పాత పెయింటు పూసి, నీడలో, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి ఆరనివ్వాలి. తేమ కొలిచే మీటరు ఇప్పుడు నా దగ్గరే ఉంది. సుమారు 12 శాతానికి దిగితే గాని పెద్ద పనికి చేయి వేయను. పచ్చి కొయ్యలో బిగించిన కుసి ఎండాకాలానికి వదులవుతుంది, పైన కొట్టిన వెండి తొడుగు మేకులు లేస్తాయి. అప్పుడు పేరు పోయేది చెక్కినవాడిది. అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో రథం కాలిపోయింది. మాఘమాసపు ఉత్సవాలు ముంచుకొస్తున్నాయి కాబట్టి 2021 ఫిబ్రవరికల్లా కొత్తది సిద్ధం చేశారు. ఆపదలో తొందర అర్థమవుతుంది. బ్రహ్మోత్సవాలు ఏ మాసంలో, ఏ తిథికో తరతరాలుగా తెలిసిన ఆలయానికి గుర్రం అవసరం నెలన్నర ముందు మాత్రమే ఎందుకు గుర్తుకు వస్తుంది? కలపను కొన్నేళ్ల ముందే కొని తమ ఆవరణలోనే నీడన పేర్చి ఉంచితే, అదనంగా ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.

సొంత ఇంటికి చేయించుకునేవారే ఈ విషయంలో నయం. అమెరికాలో ఉండే మన తెలుగువారు పూజామందిరాలు అడుగుతుంటారు. అక్కడ చలికాలంలో ఇల్లంతా వేడి చేసుకుంటారు కాబట్టి లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది. ఇక్కడ ఆరిన చెక్క అక్కడికి వెళ్లాక ఇంకా కుంచించుకుపోతుంది. అందువల్ల తలుపు పలకలను జిగురుతో అంటించను, చట్రంలోని గాడిలో వదులుగా నిలబెడతాను. ఈ ఊగడం ఏమిటని వీడియో కాల్‌లో ఒకావిడ అడిగారు. చలికాలం వెళ్లాక చెప్పండమ్మా అన్నాను. రక్తచందనం విగ్రహాలు కొన్నవారు ఇంకో రకంగా అడుగుతారు. కోసినప్పుడు నిప్పు రంగులో ఉన్న చెక్క గాలి తగిలేకొద్దీ ముదిరి నల్లటి ఎరుపుకు తిరుగుతుంది. రంగు వేసి అమ్మారా అని ఫోన్లు వస్తాయి. అది దాని స్వభావమని ముందే కాగితం మీద రాసివ్వడం అలవాటు చేసుకున్నాను.

కంప్యూటర్‌తో నడిచి కొయ్య చెక్కే రూటర్ మిషన్ల మీద నాకు కోపం లేదు. జాలీలు, తలుపు అంచుల లతలు, ఒకేలాంటి పువ్వులు వంద కావాలంటే నేనే పట్టణానికి తీసుకుపోయి కోయించుకు వస్తాను. మా దగ్గర్లో ఉన్నవాటిలో ముల్లు పై నుంచి కిందికే దిగుతుంది. ఆకు కిందికి, వేళ్ల సందుల్లోకి, జడ వెనక్కి అది పోలేదు. అక్కడికి గోరుఉలి పోవలసిందే. మిషన్ చేసిన పనికీ చేతి పనికీ ఒకే ఘనపుటడుగు ధర కట్టినప్పుడు మాత్రం, ఆ సందులు పూడిపోయిన విగ్రహాలే ఆలయాలకు చేరతాయి. తిరుపతిలో తితిదే నడిపే సంప్రదాయ శిల్ప సంస్థలో నాలుగేళ్లు దారుశిల్పం చదువుకున్న ఒక కుర్రవాడు కొన్నాళ్లు నా దగ్గర పని చేశాడు. గీత నాకంటే బాగుండేది. ఇప్పుడు బెంగళూరులో టీవీల వెనక గోడలకు చెక్క పలకలు బిగిస్తున్నాడు. నెల తిరిగేసరికి జీతం వస్తుందన్నాడు, కాదని ఏం చెప్పను?

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. వడ్రంగి ఒక వరుస, రాయి చెక్కే శిల్పి మరో వరుస. దరఖాస్తు నింపినవారు నన్ను చూసి, చేతిలో ఉలి చూసి, కాసేపు ఆలోచించి వడ్రంగి అని రాశారు. పనిముట్లకు ఇచ్చే 15,000 రూపాయలతో మంచి ఉలులు వస్తాయి కాబట్టి నేనూ ఊరుకున్నాను. వడ్రంగం మా కులవృత్తే, చిన్నతనం లేదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. 2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగిన అయోధ్య రామాలయం తలుపులు హైదరాబాద్‌లోని ఒక కలప సంస్థ చేయించిందని మనమంతా గర్వంగా చదువుకున్నాం. కలప మహారాష్ట్రలోని బల్లార్షా టేకు. చెక్కినవారు కన్యాకుమారి ప్రాంతపు పనివారు. కలప ఎక్కడిదో, సంస్థ ఎవరిదో చాలాసార్లు వచ్చింది, ఆ పనివారి గురించి మాత్రం ఒక వాక్యంతో సరిపెట్టారు. మీ విలేకరులను తప్పుపట్టడం లేదు. ఒప్పందంలోనే చెక్కేవాడి పేరు లేనప్పుడు విలేకరికి ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి టెండర్లు రాసే అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. కలప ధర వేరుగా, గీత కూలి వేరుగా, చెక్కుడు కూలి వేరుగా రాయండి. గీతను ముందు తెప్పించుకుని స్థపతికి (ఆలయ శిల్పం తెలిసిన పెద్దకు), అర్చకులకు చూపించి, నచ్చాకే కలపకు డబ్బు కట్టండి. నచ్చకపోతే గీత కూలి ఇచ్చి పంపేయండి, ఎవరికీ నష్టం లేదు. కలప తీసుకునే రోజున తేమ కొలిచి ఆ అంకె కాగితం మీద వేయించండి. ఏకఖండం అన్న మాట కొట్టేయండి.

ఆ అశ్వవాహనానికి నేను టెండరు వేయడం లేదు. మా షెడ్డులో అంత మందం టేకు ఎండినది లేదు, 45 రోజుల్లో ఎండదు కూడా. అయితే ఆ కార్యాలయం వారు పిలిస్తే వెళ్లి, గుర్రం కాళ్లు ఎలా అతకాలో నిలువెత్తు బొమ్మ గీసి ఇచ్చి వస్తాను, చెక్కేది ఎవరైనా సరే. ఆ బొమ్మకు మాత్రం కూలి అడుగుతాను.

ఇట్లు,
ఒక దారుశిల్పి,
మాధవమాల, తిరుపతి జిల్లా

(పేరు అచ్చు వేయవద్దని మనవి. వచ్చే నెల ఇంకో ఆలయం వారి తలుపుల పనికి ధర వేయాల్సి ఉంది.)