బడి కంప్యూటర్లను తుక్కు కింద రాయొద్దు

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ (ఉచిత భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మా సర్కారు బడి ల్యాబ్‌లో ఉన్నవన్నీ అంతకంటే పాతవి. చూడటానికి వచ్చిన మెకానిక్ "గివి ఇంక పనికిరావు మేడం, తుక్కు కింద రాయించుండ్రి" అని చెప్పి పోయాడు. పిల్లలు రోజూ వాడుతున్న కంప్యూటర్లు ఒక్క తారీఖుతో తుక్కు ఎట్లయితయి?

ఒకదాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయించాం. 4 జీబీ ర్యామ్‌తోనే బాగా నడుస్తోంది. తెలుగు టైపింగ్‌కు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది. బడుల సమాచారం నింపే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్ వివరాలు ఎలాగూ బ్రౌజర్‌లోనే నింపుతాం కాబట్టి ఆఫీసు పనికీ అడ్డు లేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు సాంఖ్యక శాస్త్రం పాఠం ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లోనే చెప్పాను. సగటు, మధ్యగతం వాళ్లే లెక్కగట్టి గ్రాఫులు గీశారు.

మరి ఇంత మంచిది మన దగ్గర ఎందుకు వెనకబడింది? నాకు అర్థమైనంత వరకు ఇక్కడ లినక్స్‌కు పోటీ డబ్బు పెట్టి కొన్న విండోస్ కాదు, క్రాక్ చేసిన (లైసెన్సు లేకుండా వాడే) విండోస్. రెండూ పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నప్పుడు జనం అలవాటైనదాన్నే తీసుకుంటారు. దాంతో మైక్రోసాఫ్ట్‌కు పోయేదేమీ లేదు. అదే అలవాటుతో పెరిగిన పిల్ల రేపు ఉద్యోగంలో చేరితే ఆ ఆఫీసు లైసెన్సు కొనాల్సిందే. ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో ఎంత కష్టపడ్డా, బడిలో ఆ అలవాటు మారకపోతే ఫలితం ఉండదు.

ఫైళ్ల సంగతీ అంతే. వర్డ్‌లో చేసిన టేబుల్ లిబ్రేఆఫీస్‌లో గీతలు తప్పితే అందరూ లిబ్రేఆఫీస్‌నే తిడతారు. దాని ఓడీఎఫ్ ఫార్మాట్ 2006 నుంచే ఐఎస్‌ఓ (అంతర్జాతీయ) ప్రమాణం. 2008లో మైక్రోసాఫ్ట్ ఫార్మాట్‌కు కూడా ఆ హోదా ఇచ్చేటప్పుడు భారత్ వద్దని ఓటేసింది. కోడ్ అందరికీ అందుబాటులో ఉండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని 2015లో కేంద్రమే విధానం తెచ్చింది. అయినా ఆఫీసులు మమ్మల్ని అడిగేది వర్డ్ ఫైలే!

విండోస్‌లో వాడే అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద బతికే హనుమకొండ డీటీపీ సెంటర్ల వాళ్లను రేపే మారమనడం అన్యాయం. వాళ్ల పాత పనంతా అందులోనే ఉంది. బడులకు ఆ చిక్కు లేదు. కేరళ సర్కారు బడుల్లో అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్, ఉబుంటు అనే మరో లినక్స్ ఆధారంగా తయారుచేసిన లినక్స్‌తోనే ఏళ్లుగా పాఠాలు చెబుతున్నారు, పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే పెడుతున్నారు.

మన విద్యాశాఖ తుక్కు జాబితాలు అడిగే ముందు మండలానికి ఒక టీచర్‌కైనా రెండు రోజుల శిక్షణ ఇప్పించాలి. లిబ్రేఆఫీస్ మీద ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనే ఉన్నాయి. ఈ పని వేసవి సెలవుల్లో పెట్టుకుంటే జూన్‌లో బడులు తెరిచేనాటికి ల్యాబులు సిద్ధమవుతాయి.

— ఒక గణిత ఉపాధ్యాయురాలు, పరకాల, హనుమకొండ జిల్లా