గీతగా మారిన దిష్టిచుక్క

చిట్టితల్లీ,

బాబుకి ఏడాది నిండేదాకా స్టూడియోకి తీసుకెళ్ళొద్దని మొన్న ఫోన్లో నిన్ను కసిరాను. నువ్వు ఎదురు చెప్పకుండా సరేనన్నావు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోన్లో చెబితే గొంతు పూడుకుపోతుందని రాస్తున్నాను.

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో అట్టకి అంటించిన ఫోటో నీకు గుర్తుందా? వాళ్ళమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది. పక్కన పరికిణీలో ఐదేళ్ళ అమ్మమ్మ. ఒళ్ళో రెండేళ్ళ తమ్ముడు. వెనక తెర మీద రంగులతో వేసిన స్తంభాలు, తోట. అట్ట వెనక పెన్సిలుతో సికింద్రాబాద్, 1918 అని ఉంటుంది, అంతే. ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచింది 1892లోనే కాబట్టి, గొప్పింటి ఆడవాళ్ళకి అప్పటికి ఫోటో కొత్త కాదు. రైల్వే గుమాస్తా ఇల్లు మనది. తాతమ్మకి అదే మొదటి ఫోటో.

అందులో పిల్లాడికి ముఖం లేదు. కాలి మువ్వలు లెక్కపెట్టొచ్చు, మెడ పైన మాత్రం పొగ. బయల్దేరే ముందు తాతమ్మ తన చేత్తో పెట్టిన దిష్టిచుక్క కూడా కనపడదు. ఆ ఏడు దసరా వెళ్ళాక జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ డబ్బా ముందు చుక్కని మింగింది, తర్వాత నా బిడ్డని మింగింది అని ఆవిడ బతికినన్నాళ్ళూ ఏడ్చిందట. మళ్ళీ ఫోటోకి కూర్చోలేదు. అమ్మమ్మ పెళ్ళికి ఫోటో లేదు. మా అమ్మ చిన్నప్పటిది ఒక్కటీ లేదు. నా భయం అక్కణ్ణుంచి వచ్చిందే.

కిందటి వారం దాన్ని బాగుచేయించడానికి ఇచ్చాను. ఆ కుర్రాడు కంప్యూటర్లో పెద్దది చేసి, "ఆంటీ, ఇక్కడ రెండు ముఖాలున్నాయి" అన్నాడు. ఆ కాలపు గాజు పలకలకి వెలుతురు చాలా కావాలట. గాజు కప్పులోంచి దిగే పగటి వెలుగే ఆధారం. ఫోటోగ్రాఫర్ లెన్సు మూత తీసి, ఒకటి, రెండు అని లెక్కపెట్టి మళ్ళీ పెట్టేవాడు. ఫోటోలు పుట్టిన కొత్తల్లో, 1839 ప్రాంతంలో, నిమిషాల తరబడి బిగదీసుకుని కూర్చోవాల్సి వచ్చేదట. ఆ తర్వాత కూడా చాలాకాలం పెద్దవాళ్ళకే మెడ వెనక ఇనుప ఊత పెట్టేవాళ్ళట. రెండేళ్ళవాడు ఆగుతాడా?

నేనూ కళ్ళజోడు సర్దుకుని చూశాను. ఒక ముఖం కెమెరా వైపు ఉంది. ఇంకోటి పైకి, వాళ్ళమ్మ వైపు తిరిగింది. రెంటికీ మధ్య చెంప మీద సన్నటి నల్లగీత. అదే దిష్టిచుక్క, తల్లీ. చెరిగిపోలేదు, వాడితోపాటు తిరిగింది. ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో నాకే తెలియదు.

వాణ్ణి తీసుకుపోయింది ఇన్‌ఫ్లుయెంజా అయ్యుంటుంది. 1918 శరదృతువులో అది ఈ దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ సంగతి తాతమ్మకి ఎవరూ చెప్పినట్టు లేదు. తానే ముచ్చటపడి బిడ్డని కెమెరా ముందు కూర్చోబెట్టానని కుమిలిపోతూనే వెళ్ళిపోయింది. అదే నాకు తట్టుకోవడం కష్టంగా ఉంది.

ఈ ఆదివారమే వెళ్ళండి. అల్లుడుగారు తీస్తానన్నా వద్దను, స్టూడియోలోనే తీయించు. పట్టుచీర కట్టుకో, బాబుని నీ ఒళ్ళోనే కూర్చోబెట్టుకో. చెంపకి చుక్క పెట్టు, అరికాలికి ఇంకోటి. వాడు కదిలాడని పక్కన పడేసే ఫోటోలుంటాయిగా, వాటిలో నీ వైపు తిరిగింది ఉంటే అది నాకు పంపు.

మీ అమ్మ