అమ్మలూ, ఆ ట్యాబ్ మీట సంగతి

మండపేట
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో "అమ్మా, నీ కోడు రాసే ఎడిటర్ విమ్‌లో ఆ ఏఐ ఎలా పెట్టుకున్నావో చెప్పు" అన్నావు. చెప్పడం మొదలుపెట్టానో లేదో కరెంటు పోయింది, దాని వెనకాలే నెట్టూ పోయింది. అయినా ఇలాంటివి ఫోన్లో చెబితే నువ్వు ఊఁ ఊఁ అంటావు తప్ప రాసుకోవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాన్న భోంచేసి పడుకున్నారు. మూణ్ణాళ్ల నుంచి ఒకటే ముసురు. ధవళేశ్వరంలో నీరు 11.75 అడుగులకు వచ్చిందని, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని పొద్దున్నే టీవీలో చెప్పారు. మనకేం కాదు, నువ్వు టెన్షన్ పడకు. లంకల్లో వాళ్లకే పాపం తిప్పలు, పశువుల్ని గట్ల మీదికి తోలుకొస్తున్నారట.

ఆఫీసులో అందరూ రంగురంగుల ఎడిటర్లు వాడుతుంటే నువ్వొక్కదానివే నల్ల తెర ముందు కూర్చుంటున్నావని నవ్వుతున్నారన్నావు. నవ్వనీ. నేనెందుకు వదల్లేదో నీకు తెలుసు. మిల్లు కంప్యూటరు కాటా గదిలో తవుడు దుమ్ములో ఉంటుంది. ఇంటి నుంచి దాంట్లోకి, దూరం నుంచే లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్తాను. ఈ కాలంలో మన నెట్టు, అక్షరం కొడితే కాసేపు ఆలోచించి గానీ చూపించదు. టీమక్స్‌లో తెరిచి పెట్టుకుంటే లైను తెగినా పని అక్కడే ఉంటుంది, మళ్లీ వెళ్లి అందుకోవడమే. అసలు మన విమ్‌కి మూలమైన విఐ పుట్టిందే ఇలాంటి లైను కోసం. 1976లో బిల్ జాయ్ దాన్ని రాసేటప్పుడు 300 బాడ్ అనే నత్తనడక మోడెమ్ మీద కూడా పనికొచ్చేలా చూసుకున్నానని తనే చెప్పుకున్నాడు. మన ముసురు నెట్టు దానికన్నా నయమే.

ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో ఎస్కేప్ మీట ఎక్కడ ఉండేదో తెలుసా? ఇప్పుడు మన ట్యాబ్ ఉన్న చోట. చిటికెన వేలికి అందేంత దగ్గర. ఎస్కేప్ దూరంగా మూలకి పోయింది, ఆ చోటు ట్యాబ్‌కి దక్కింది. ఇదెందుకు చెబుతున్నానంటే నా కొంప ముంచింది ఆ ట్యాబే. దాని దగ్గరికి వస్తాను.

ముందు పెట్టుకోవడం. నేను వాడేది గిట్‌హబ్ వాళ్ల కోపైలట్ ప్లగిన్, మనం కోడు కొడుతుంటే మిగతాది అది సూచిస్తుంది. నీ విమ్ 9 అయి ఉండాలి, లేదా దాని చెల్లెలు లాంటి నియోవిమ్ ఉండాలి. దాంతోపాటు జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కూడా ఉండాలి, ప్లగిన్ దాని మీదే నడుస్తుంది. చాలామందికి ఆగిపోయేది ఇక్కడే, నోడ్ పాతదై ఉంటుంది. ప్లగిన్ మేనేజర్ లేదని బెంగ వద్దు. విమ్ తన ప్యాక్ ఫోల్డర్‌లో స్టార్ట్ అనే దాని కింద ఏముంటే అది తెరవగానే ఎక్కించుకుంటుంది. ప్లగిన్‌ని అక్కడికి గిట్ క్లోన్ చేస్తే, అంటే కాపీ దించుకుంటే చాలు. తర్వాత విమ్ తెరిచి, కోలన్ కొట్టి, కోపైలట్ సెటప్ అను. ఎనిమిది అక్షరాల కోడు ఇస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో గిట్‌హబ్ అడిగిన చోట వెయ్యి. ఆ బ్రౌజర్ అదే మెషీన్‌లో ఉండక్కర్లేదు. నేను మిల్లు మెషీన్‌కి వచ్చిన కోడుని నా ఫోన్లో వేశాను. అయిపోయాక కోపైలట్ స్టేటస్ అని అడిగితే సిద్ధంగా ఉన్నదీ లేనిదీ చెబుతుంది. పది నిమిషాల పని.

ఇప్పుడు అసలు సంగతి. 2025 దాళ్వా, అంటే రబీ పంట, మాసూళ్లప్పుడు రైతులకు ముందుగా ఇచ్చే చీటీ కోసం చిన్న ఫంక్షన్ రాస్తున్నాను. బస్తాల లెక్క ఇస్తే క్వింటాళ్లు చెప్పాలి, అంతే. ఫంక్షన్ పేరు కొట్టి ఎంటర్ నొక్కాను. వెంటనే బూడిదరంగులో మిగతాదంతా వచ్చేసింది: బస్తాలని 50తో హెచ్చవేసి 100తో భాగించు అని. నేను దాన్ని చదవనే లేదు. పైథాన్ కదా, లైను లోపలికి జరపాలని అలవాటుగా ట్యాబ్ నొక్కాను. కోపైలట్ సూచనని ఒప్పుకునే మీట కూడా ఆ ట్యాబే. లైను జరగలేదు, బూడిద రాత తెల్లబడి నా రాత అయిపోయింది. కింద ఇంకో పని ఉంటే అటు వెళ్లిపోయాను.

మన దగ్గర ధాన్యం బస్తా అంటే 75 కిలోలని నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. తాతయ్య ఎకరాకి ఇన్ని బస్తాలని చెప్పినప్పుడల్లా నువ్వు 75తో హెచ్చవేసుకునేదానివి. కోపైలట్‌కేం తెలుసు? ప్రపంచంలో ఎక్కువమంది రాసిన కోడులో బస్తా అంటే 50 కాబోలు, అదే పెట్టింది. ముందు రోజు పరీక్షించానా అంటే, ఒక్క బస్తా వేసి చూశాను. 0.5 అని వస్తే బాగానే ఉందనుకున్నాను. 0.75 రావాలని తట్టలేదు. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

మర్నాడు ద్రాక్షారామం వైపు రైతొకాయన 120 బస్తాలు తెచ్చాడు. చీటీ మీద 60 క్వింటాళ్లని పడింది. 90 పడాలి. అప్పటి మద్దతు ధర సాధారణ రకానికి క్వింటా 2300. ముప్పై క్వింటాళ్లు అంటే 69 వేలు. ఆయన చీటీ రెండుసార్లు తిప్పి చూసి, అరిచాడా అంటే అదీ లేదు. "ఏమ్మా, నా బస్తాలు దారిలో చిక్కిపోయాయా?" అన్నాడు. కాటా వేశాకే డబ్బు లెక్క గనక నష్టమేం జరగలేదు. కానీ వెనక నిలబడ్డ నలుగురూ చీటీలు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో నా చీటీని అలా ఎవరూ ఎత్తి చూసుకోలేదు.

ఆ రాత్రే ట్యాబ్‌ని దాని చేతిలోంచి లాగేసుకున్నాను. నువ్వు ప్లగిన్ పెట్టిన వెంటనే ఈ పని చెయ్యి, తర్వాతనుకోకు. విమ్ సెట్టింగుల ఫైలు విమ్‌ఆర్‌సీలో కోపైలట్ నో ట్యాబ్ మ్యాప్ అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ట్రూ చెయ్యి. ఒప్పుకునే పనిని కంట్రోల్ జె మీదికి మార్చు. ఆ లైను ఎలా రాయాలో ప్లగిన్‌తో వచ్చే హెల్ప్‌లోనే ఉంది. రెండు వేళ్లు పెట్టి నొక్కాలి గనక పొరపాటున జరగదు. మొత్తం ఒకేసారి వద్దనుకుంటే ఆల్ట్‌తో కుడి బాణం నొక్కితే ఒక్కొక్క మాటే తీసుకుంటుంది. నేనిప్పుడు ఎక్కువగా అదే వాడుతున్నాను, ఒక్కో మాటా కళ్లతో చూసే వీలుంటుంది. నచ్చకపోతే కంట్రోల్‌తో మూసే చదరపు బ్రాకెట్టు, పోతుంది.

ఇంకొకటి గమనించాను. ఏదైనా వరస రాస్తుంటే దాన్ని పట్టుకుని అల్లుకుపోతుంది. ధాన్యం రకాల జాబితా రాస్తున్నాను. ఎంటీయూ 7029, అంటే మన స్వర్ణ, దాని కింద 1010, 1121. మూడోది కొట్టగానే ఇంకో అరడజను నంబర్లు పరిచింది. మార్టేరు పరిశోధన కేంద్రం వాళ్లు ఒక్కో నంబరుకి ఏళ్ల తరబడి మళ్లలో నిలబడితే, ఇది ఎక్కాలు చెప్పినట్టు చెప్పేసింది. కొన్ని నిజంగా ఉండే ఉంటాయి, నేను మిల్లులో మాత్రం చూడలేదు. జాబితాలూ రేట్లూ పేర్లూ ఉన్న ఫైలు తెరిచేటప్పుడు కోపైలట్ డిజేబుల్ అని ఆపేస్తాను. అంతకన్నా మంచిది, అన్నిరకాల ఫైళ్లకూ ఆపేసి ఒక్క పైథాన్‌కే తెరిచి ఉంచడం. ఫైల్‌టైప్స్ అనే సెట్టింగ్‌లో అది చేయొచ్చు, నేను చేశాను.

ఎందుకంటే నువ్వు రాస్తున్న చోటికి పైనా కిందా ఉన్న రాత ఇంటర్నెట్ దాటి వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది. వెళ్లకుండా సూచన రాదు కదా. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతాలు ఉన్న ఫైలు పక్కన తెరుచుకుని ఇది నడిపిస్తే ఏం వెళ్తుందో ఆలోచించు. నువ్వు ఆఫీసు సర్వర్‌లో పెట్టాలనుకుంటే ముందు మీ పైవాళ్లని అడుగు. ఆ కోడు నీది కాదు, కంపెనీది. "అందరూ వాడుతున్నారు" అనేది జవాబు కాదు. నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు కూడా అదే చెప్పేదానివి.

కొన్ని ప్లగిన్లు లాగిన్ కోడుతో సరిపెట్టవు, ఏపీఐ కీ, అంటే తాళంచెవి లాంటి రహస్య కోడు అడుగుతాయి. ఆ కీని విమ్‌ఆర్‌సీలో రాయొద్దు. నీ విమ్‌ఆర్‌సీని గిట్‌లో పెట్టి స్నేహితులకు చూపించుకుంటావని నాకు తెలుసు. వేరే ఫైల్లో పెట్టి, నువ్వు తప్ప ఎవరూ చదవకుండా దానికి సీహెచ్‌మోడ్ 600 ఇచ్చి, షెల్ మొదలైనప్పుడు అక్కడి నుంచి చదివేలా చెయ్యి. పొరపాటున గిట్‌లోకి వెళ్లిపోయిందే అనుకో, తర్వాతి కమిట్‌లో తీసేశాను కదా అని ఊరుకోకు. పాత కమిట్‌లో అలాగే ఉంటుంది, ఎవరైనా తవ్వి తీస్తారు. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే దారి. విమ్ దాచే ఎస్‌డబ్ల్యూపీ ఫైళ్లలో కూడా నువ్వు కొట్టినది ఉంటుంది. కరెంటు పోయినప్పుడు నన్ను ఎన్నోసార్లు ఆదుకున్నాయవి, ఆపమనను. గిట్ వాటిని తీసుకోకుండా గిట్‌ఇగ్నోర్‌లో మాత్రం వేసుకో.

బయటికేమీ వెళ్లకూడదంటే ఒల్లామా పెట్టుకుని మోడల్‌ని మన మెషీన్‌లోనే నడపొచ్చు. ఎడిటరు 11434 పోర్టుకి వెళ్లి అడుగుతుంది, నెట్టు అక్కర్లేదు. ఇంట్లో నా 8 జీబీ లాప్‌టాప్‌లో 7బి సైజు, అంటే 700 కోట్ల పారామీటర్ల మోడల్ ఎక్కించి చూశాను. ఫ్యాను మర ఆడినట్టు ఆడింది, ఒక్క సూచన వచ్చేలోపు నేను టీ పెట్టుకొచ్చాను. ఇంకా చిన్న మోడల్ పర్లేదు, చురుగ్గా ఉంది, కానీ మరీ పసిపిల్ల. నీ మెషీన్ నాదానికన్నా మంచిది, నువ్వు చూడు.

ఇదంతా చదివి "అయితే ఎందుకమ్మా వాడటం" అంటావు. వాడుతున్నాను తల్లీ. తేదీలు తిప్పిరాయడం, ఫైలు చదివి కాలమ్‌లు విడగొట్టడం, రాతలో ఫలానా వరసని వెతకడానికి వాడే, మనం ప్రతిసారీ మర్చిపోయే ఆ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, ఇవన్నీ దానికి వదిలేశాను. హాయిగా ఉంది. బరువు, ధర, తేమ మాత్రం నా చేత్తోనే కొడతాను. తేమ 17 శాతం దాటితే కోత పడుతుంది, అక్కడ ఒక్క అంకె తేడా వచ్చినా రైతు నా మొహమే చూస్తాడు.

అన్నట్టు, ఇప్పుడా ఫంక్షన్‌కి పైన ఒక లైను కామెంట్ ఉంది: బస్తా 75 కిలోలు అని. అది చదివాక కోపైలట్ కూడా 75 అనే చెబుతోంది. చెప్పాల్సినది ముందే రాసిపెడితే వింటుంది, మీ నాన్నకన్నా నయం.

ఇంకో చిన్న సంగతి. ఖాళీ విమ్ తెరిచినప్పుడు మధ్యలో ఉగాండా పిల్లలకు సాయం చెయ్యమని ఒక లైను చాలాసార్లు కనిపిస్తుంది. నియోవిమ్‌లో ఉండదు, విమ్‌లోనే. విమ్‌ని రాసిన బ్రామ్ మూలెనార్ 1991లో మొదటిసారి బయటపెట్టాడు. వాడుకున్నందుకు తనకేమీ ఇవ్వక్కర్లేదు, ఆ పిల్లలకివ్వండి అన్నాడు. 2023 ఆగస్టులో పోయాడు. ఇన్నేళ్లుగా ఆయన కష్టం తింటున్నాను, నీ మొదటి జీతం వచ్చినప్పుడు నువ్వు వద్దన్నా కొంత పంపించాను నీ పేరు మీద. ఇప్పుడు చెబుతున్నాను.

ఇవాళ రాత్రే పెట్టి చూడు. స్టేటస్ ఏం చూపించిందో ఫొటో తీసి పంపు, నెట్టు ఉంటే చూస్తాను. ఎర్రర్ వస్తే ముందు నోడ్ వెర్షన్ చూడు, నూటికి తొంభై అదే అవుతుంది. రేపు పొద్దున్న కాటా దగ్గర ఉంటాను, పదింటిదాకా ఫోన్ చెయ్యకు.

అమ్మ