అప్లికేషన్ పెట్టేముందు ఇది చదువు, సీఐ సాబ్

నల్గొండ,
దసరా సెలవులు.

ఒరేయ్ సీఐ సాబూ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. మధ్యలో మీ స్టేషన్ ముందు ఎవరిదో ధర్నా. నన్ను లైన్లో పెట్టి నువ్వు వాళ్లమీద అరవడం. నాకు అర్థమైంది ఇంతే: జడ్చర్ల చౌరస్తాలో బందోబస్తు చేసీ చేసీ నీకు విసుగొచ్చింది, అంతర్జాతీయ నేరాల దర్యాప్తులో టీం లీడర్ పోస్టు ఉందని ఎవరో లింకు పంపారు, అప్లై చేయనా వద్దా అని. చెయ్. కానీ ముందు ఈ ఉత్తరం మొత్తం చదువు. వాయిస్ మెసేజ్ పెడితే ఒకటిన్నర స్పీడులో విని సగం వదిలేస్తావు, అందుకే కాగితం తీశాను. బయట ముసురు పట్టింది, ఇల్లు కదిలే పని లేదు, కాబట్టి కొంచెం పొడుగ్గానే ఉంటుంది. నేనూ అదే పనిలో ఉన్నా, పనిచేసే చోటు పేరు మాత్రం ఇందులో రాయను, నీకు తెలుసు కదా.

మొదట నీ భ్రమలు. గన్ ఉండదు, లాఠీ ఉండదు, సైరన్ ఉండదు. హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు సొంత పోలీసులే లేరు. వారంటు కోర్టు ఇస్తుంది, పట్టి అప్పగించాల్సింది సభ్యదేశాలు. అప్పటి సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద 2009లో వారంటు వచ్చింది. 2015లో ఆయన మీటింగ్ ఉందని దక్షిణాఫ్రికా వెళ్లాడు. అది సభ్యదేశమే. దేశం దాటనివ్వొద్దని అక్కడి హైకోర్టు ఆర్డరిచ్చినా దర్జాగా విమానమెక్కి వెళ్లిపోయాడు. నీ ఏరియాలో నాన్ బెయిలబుల్ వారంటు ఉన్నవాడు ఎమ్మెల్యేగారింటి పెళ్లికొచ్చి, భోంచేసి, ఫొటో దిగి పోయినట్టు. అప్పుడు నీ కడుపు ఎంత మండుతుందో చూసుకో. ఆ మంటతోనే రోజూ ఆఫీసుకు పోవాలి.

ఇంకో మాట. మన దేశం ఆ కోర్టులో సభ్యురాలు కాదు. 1998లో రోమ్‌లో ఆ కోర్టును పెట్టే ఒప్పందం మీద ఓటింగ్ జరిగినప్పుడు ఇండియా ఎటూ ఓటెయ్యలేదు. కాబట్టి హేగ్‌లో సభ్యదేశాల వాళ్లకే మొదటి ప్రాధాన్యం ఉంటుంది. ఐక్యరాజ్యసమితి కింద నడిచే దర్యాప్తు బృందాలున్నాయి, మయన్మార్ నేరాల కోసం 2018లో ఏర్పాటు చేసినట్టువి. నీలాంటి వాడికి అవి నయం. వాటికి కోర్టు ఉండదు. ఆధారాలు ఇప్పుడే సేకరించి, రేపు ఏ దేశంలోనైనా కేసు నడిస్తే వాడుకునేట్టు భద్రపరచడమే పని. మన దగ్గర పోలీసు చర్య నాటి హత్యల సంగతి తేల్చమని 1948 చివర్లో నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ హైదరాబాద్ రాష్ట్రం జిల్లాలు తిరిగి జనంతో మాట్లాడి రిపోర్టు రాస్తే, అది దశాబ్దాల తరబడి బీరువాలోనే ఉండిపోయింది గదా. అట్లా కాకుండా చూసుకోవడమన్నమాట.

ఇక అసలు సంగతి. మన దగ్గర హత్య కేసులో చంపినవాడు దొరికితే సగం టెన్షన్ తీరినట్టే. అక్కడ చంపినవాడు దొరికాకే పని మొదలు. ఊళ్లో శవాలున్నాయన్నది చాలాసార్లు ఎవరూ కాదనరు. ఎక్కడో హెడ్‌క్వార్టర్స్‌లో కూర్చున్న జనరల్‌కు ఆ సంగతి తెలుసా? ఆర్డరు ఆయనదేనా? ఆపగలిగి ఉండీ ఊరుకున్నాడా? దీనికి డీజిల్ లెక్కలు కావాలి, బండ్ల ట్రిప్ షీట్లు కావాలి, వైర్‌లెస్ మాటలు కావాలి. నేను చూసిన మంచి ఇన్వెస్టిగేటర్లలో సగంమంది ఆడిటర్ల లెక్కన ఉంటారు.

స్రెబ్రెనిత్సా కేసు చదివావా? చదవకపోతే అప్లికేషన్ పక్కన పెట్టి ముందు అది చదువు. 1995 జూలైలో బోస్నియాలో 7 వేలమందికి పైగా మగవాళ్లను, మగపిల్లలను చంపి గోతుల్లో పూడ్చారు. దర్యాప్తు నడిపింది జాన్-రెనే రుయెజ్ అనే ఫ్రెంచ్ పోలీసాఫీసరు. నీ నా లాంటి యూనిఫాం మనిషే. చంపినవాళ్లు కొన్ని నెలలకు మళ్లీ వచ్చి, బుల్డోజర్లతో గోతులు తవ్వి, శవాలను వేరేచోట్లకు తరలించారు. ఒక మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికేట్టు చేశారు. "వాళ్లు యుద్ధంలో పోయారు, ఏ రోజు పోయారో ఎవరికి తెలుసు" అన్నది డిఫెన్స్ వాదన.

అప్పుడు పట్టించింది ఏంటో తెలుసా? చేతి గడియారాలు. కొన్ని శవాల చేతులకు సీకో ఆటోమేటిక్ వాచీలున్నాయి. మీ నాయనకు పెళ్లికి పెట్టిన హెచ్‌ఎంటీ కాంచన్ గుర్తుందా, కీ ఇవ్వక్కర్లేదు, చెయ్యి కదిలితే చాలు నడుస్తుంది, వారం, తేదీ రెండూ చూపిస్తుంది. సరిగ్గా అదే రకం. చెయ్యి కదలడం ఆగిపోయాక ఒకటి రెండు రోజులు నడిచి ఆగిపోతుంది. ఆగినచోట వారం, తేదీ అట్లాగే నిలబడి ఉన్నాయి. వెనక్కి లెక్కేస్తే జూలై నెలలో ఆ రోజులే. ఇంకోచోట, కొజ్లుక్ అనే ఊరి దగ్గర, సీసాల ఫ్యాక్టరీ పగిలిన గాజు పారబోసే జాగాలో చంపారు. ఆకుపచ్చ గాజు పెంకులు, సీసా లేబుళ్లు దూరంగా ఉన్న రెండో గోతిలో శవాలతో పాటు బయటపడ్డాయి. ఈ గోతిలోని మట్టి ఆ గోతి నుంచి వచ్చిందని ఇక వేరే సాక్షి చెప్పక్కర్లేదు. ఆ రిపోర్టులు చదువుతుంటే నాకు అన్నం సహించలేదు, కానీ పని అంటే ఇదిరా అనిపించింది.

అక్కడ నీకు కొత్తగా ఏం నేర్పుతారో గానీ, నువ్వు మానుకోవాల్సినవి మాత్రం కొన్ని ఉన్నాయి.

మొదటిది ఇన్ఫార్మర్లు. నీ సర్వీసు సగం వాళ్లమీదే నడిచింది, కాదనకు. కాంగోలో లుబాంగా అనే మిలీషియా నాయకుడి కేసు హేగ్ కోర్టుకు మొట్టమొదటి విచారణ. పదిహేనేళ్లలోపు పిల్లల చేతికి తుపాకులిచ్చాడని నేరం. ఆ ప్రాంతంలో బయటివాళ్లు తిరగడమే ప్రమాదం, అందుకని స్థానికులను మధ్యవర్తులుగా పెట్టుకుని సాక్షులను వెతికించారు. 2009 జనవరిలో విచారణ మొదలైంది. మొట్టమొదటి సాక్షి బోనెక్కి, చెప్పింది చెప్పి, అదే రోజు అదంతా నిజం కాదన్నాడు. ఏం చెప్పాలో తనకు వేరేవాళ్లు చెప్పారన్నాడు. 2010లో ఒక మధ్యవర్తి ఎవరో డిఫెన్స్‌కు చెప్పమంటే ప్రాసిక్యూషన్ చెప్పలేదు, విచారణే నిలిచిపోయింది. చివరికి 2012 మార్చిలో దోషి అని తేల్చారు. కానీ పిల్ల సైనికులమని వచ్చిన సాక్షుల మాటలు చాలావరకు పక్కన పెట్టేశారు. దర్యాప్తును మధ్యవర్తుల చేతుల్లో వదిలేయడమేంటని జడ్జీలు తీర్పులోనే తిట్టారు. వీడియోలు, మిగతా సాక్షులు లేకపోతే ఏమయ్యేదో.

రెండోది, సీన్‌కు పోకుండా స్టేషన్లో టేబుల్ మీదే పంచనామా రాయించే అలవాటు. నీ మీద కాదులే, నీ రైటర్ మీద. అదే కాంగోలో బొగోరో అనే ఊరిమీద 2003 ఫిబ్రవరి 24న దాడి జరిగింది. న్గుజోలో అనే నాయకుడిమీద కేసు నడిచింది. జడ్జీలు స్వయంగా ఆ ఊరెళ్లి చూసొచ్చారు. 2012 డిసెంబరులో ఆయనను నిర్దోషిగా వదిలేస్తూ, నిందితుడు ఉండిన చోటు, దాడికి సన్నాహాలు జరిగాయంటున్న చోట్లు ప్రాసిక్యూషన్ ముందే వెళ్లి చూసి ఉంటే బాగుండేదని రాశారు. టీం లీడర్‌కు అంతకంటే చెంపదెబ్బ ఉండదు.

మూడోది స్టేట్‌మెంట్. మన 161 స్టేట్‌మెంట్ (పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం, కొత్త చట్టంలో సెక్షన్ 180 అనాలట, నాకింకా నోటికి రాదు) మీద సాక్షి సంతకం ఉండదు, నీ ఇష్టమొచ్చిన భాషలో నీ ఇష్టమొచ్చినట్టు రాసుకుంటావు. "నేను పై విలాసములో కాపురం ఉంటూ కూలి పని చేసుకొని జీవించుచున్నాను" అని అందరు సాక్షులూ ఒకే గొంతుతో మాట్లాడతారు. అక్కడ ప్రతి పేజీ సాక్షి భాషలో చదివి వినిపించాలి. ఆమె "నేనట్లా అనలేదు" అంటే దిద్దాలి. తర్వాతే సంతకం.

ఒకసారి ఒక శిబిరంలో పెద్దామెతో కూర్చున్నాం. సైనికులు ఏ తారీఖున వచ్చారని మా కుర్రాడు మూడుసార్లు అడిగాడు. ఆమె మూడుసార్లూ వేరే వేరే నెల చెప్పింది. వాడు పెన్ను కింద పెట్టేసి నా మొహం చూశాడు, సాక్షి పోయినట్టే అని. నేను దుబాసీ అమ్మాయితో, ఆ రోజు పొద్దున ఆమె పొయ్యిమీద ఏముందో అడగమన్నా. పచ్చి మొక్కజొన్న. ఎవరి చేనిది? తమదే, అప్పుడే కోతకొచ్చింది. పండుగ అయిందా? కాలేదు, పిల్లల బట్టలు ఇంకా కుట్టడానికే ఇవ్వలేదు. పది నిమిషాల్లో వారం దగ్గరికి వచ్చేశాం. మా నాయనమ్మ రజాకార్ల సంగతి చెప్పేటప్పుడు 1948 అని ఏనాడైనా అన్నదా? "మీ పెద్దత్త కడుపులో ఉన్నప్పుడు, జొన్న కంకిమీద ఉన్నప్పుడు" అనేది. అందుకే ఏ ఊరికి పోయినా ముందు ఆ ఊరి క్యాలెండర్ తయారు చేయిస్తాను: వానలు, కోతలు, పండుగలు, బడి సెలవులు. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లకు ఇది తట్టదు. నీకు తట్టుతుంది. నువ్వు అప్లై చెయ్యాలని నేననడానికి అదొక కారణం.

అడగనిది ఎవరూ చెప్పరన్నది ఇంకో గొడవ. 1994 రువాండా మారణహోమం కేసుల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునల్‌లో, అకయెసు అనే మేయర్‌మీద పెట్టిన మొదటి ఛార్జిషీటులో అత్యాచారం ఊసే లేదు. 1997లో ఒక తల్లి వేరే విషయానికి సాక్ష్యం చెబుతూ చెబుతూ తన ఆరేళ్ల కూతురి మీద జరిగింది బయటపెట్టింది. బెంచిమీద ఉన్న ఒకే ఒక మహిళా జడ్జి, మన తమిళ మూలాలున్న దక్షిణాఫ్రికా ఆవిడ నవీ పిళ్లై, వదలకుండా అడిగింది. ఛార్జిషీటు మార్చారు. 1998 సెప్టెంబరులో తీర్పు వచ్చింది: అత్యాచారం కూడా జాతి నిర్మూలన కిందికి వస్తుందని. అన్ని నెలలు ఊళ్లు తిరిగినవాళ్లు ఏం అడిగినట్టు? నా టీంలో ఆడవాళ్లు లేకుండా నేను ఏ మిషన్‌కూ బయల్దేరను. దీనిమీద పై ఆఫీసుతో గొడవ కూడా పడ్డాను.

సాక్షుల భద్రత గురించి నీకు నేను చెప్పేదేముంది. మన ఊళ్లో ఒకడి ఇంటిముందు జీపు ఆగితే సాయంత్రానికి రచ్చబండ మీద వాడి ఏడు తరాలు బయటికొస్తాయి. అక్కడ తెల్ల ల్యాండ్ క్రూయిజర్ ఆగినా అంతే, కాకపోతే ప్రాణం పోవచ్చు. ఎన్నికల తర్వాతి అల్లర్లమీద హేగ్ కోర్టులో నడిచిన కెన్యా కేసులో సాక్షులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు, 2016 ఏప్రిల్‌లో కేసు మధ్యలోనే ముగిసిపోయింది. నిందితుడు రూటో అప్పటికే ఆ దేశానికి ఉపాధ్యక్షుడు, తర్వాత అధ్యక్షుడయ్యాడు.

ఇప్పుడు నీకు అన్నిటికన్నా కష్టమయ్యేది. రోమ్ ఒప్పందంలో 54వ అధికరణం ఉంది. నిందితుడికి వ్యతిరేకంగా ఉన్న ఆధారాలు ఎంత గట్టిగా వెతకాలో, అతనికి అనుకూలంగా ఉన్నవీ అంతే గట్టిగా వెతకాలంటుంది. మన దగ్గర కూడా పుస్తకాల్లో ఉంది, నాకు తెలుసు. కానీ ఎస్పీ మీటింగులో లేచి "సార్, ఈ ఏ-1 ఆ రోజు ఊళ్లోనే లేడేమో" అని ఎప్పుడైనా అన్నావా? అక్కడ టీం లీడర్ ఉండేది అందుకే. టీం అంతా ఆ గోతులు చూసొచ్చి రగిలిపోతూ ఉంటుంది. ఫ్రాన్స్ వాడు ఫైలు మొత్తం జడ్జి ముందు పెట్టేద్దామంటాడు, ఇంగ్లండ్ ఆవిడ బోనులో చెప్పిందే సాక్ష్యమంటుంది, అందరికీ మాత్రం వాడే దోషి అని ఖాయం. అప్పుడు అందరికీ చేదైన మనిషివి నువ్వవ్వాలి. నేను ప్రతి కేసులో ఒకరిని డిఫెన్స్ పక్షాన కూర్చోబెట్టి, వారం చివర మా కేసును చీల్చమంటాను. ఆ పని ఇచ్చిన మనిషితో మిగతావాళ్లు కొన్నాళ్లు టీ కూడా తాగరు. తాగకపోతే పోనీ. మేం కనిపెట్టని లొసుగు కోర్టులో బయటపడితే పోయేది మా పరువు ఒక్కటే కాదు, మమ్మల్ని నమ్మి నోరువిప్పిన ఆ పెద్దామె కూడా.

వీడియోల సంగతి కలిసినప్పుడు చెబుతా, అదో పెద్ద పురాణం. 2017లో లిబియా కమాండర్ వెర్ఫల్లి మీద వారంటు చాలావరకు ఫేస్‌బుక్‌లో తిరిగిన వీడియోల ఆధారంగా వచ్చింది. మా దగ్గర అవి చూసే పిల్లలకు నేను పెట్టిన రూలు ఒక్కటే: అవసరం లేకపోతే సౌండ్ ఆపి చూడాలి, చీకటి పడ్డాక ముట్టుకోకూడదు.

సరే, పనిలో పని. ఫ్రెంచ్ కొంచెమైనా మొదలుపెట్టు. ఇంట్లో చెల్లెకు చెప్పావా? చెప్పకుండా ఫారం నింపితే నేను లేను. అప్లికేషన్‌లో ఎన్ని ఎన్‌కౌంటర్లు, ఎన్ని రివార్డులు అని రాయకు, వాళ్లు భయపడతారు. ఎన్ని కేసులు కోర్టులో నిలబడ్డాయో, నువ్వే అనుమానమొచ్చి వదిలేసిన ముద్దాయిలు ఎవరైనా ఉంటే ఎందుకు వదిలేశావో, అది రాయి.

వచ్చే ఆదివారం కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వచ్చెయ్. నీకు బాగా గర్వంగా ఉన్న పాత కేసు ఒకటి మనసులో పెట్టుకుని రా, నేను డిఫెన్స్ లాయర్‌నవుతా. బస్సులో రా, జీపులో వద్దు. మా గల్లీవాళ్లు అసలే నా గురించి ఏవేవో అనుకుంటున్నారు.

నీ
నల్గొండ దోస్త్