పేరు తెలియని ఆ సీనియర్ అన్నకు

మందుల కంపెనీల తరఫున డాక్టర్లను కలిసి మందుల గురించి చెప్పే పాత మెడికల్ రెప్‌లం కలిస్తే మాటలన్నీ టార్గెట్లు, నెలాఖరు టెన్షన్, శాంపిళ్ల బ్యాగుతో డాక్టర్ గది బయట ఎదురుచూపుల చుట్టూనే తిరుగుతాయి. నాకు మాత్రం ముందు మీరే గుర్తొస్తారన్నా. మీది పోటీ కంపెనీ. అయినా కొత్తగా చేరిన నన్ను పక్కకు పిలిచి, డాక్టర్‌ని కలిసే ముందే మెడికల్ షాపుకెళ్లి ఆయన ఏ మందులు ఎక్కువ రాస్తున్నారో కనుక్కోమన్నారు. విజువల్ ఎయిడ్ (డాక్టర్‌కి చూపించే మందుల వివరాల పుస్తకం) మొత్తం పాఠంలా అప్పజెప్పొద్దు, దొరికేది ఒకటి రెండు నిమిషాలే, ఒక్క మందు గురించే సూటిగా చెప్పమన్నారు. సైడ్ ఎఫెక్టులు అడిగితే దాచొద్దని మరీ మరీ చెప్పారు. అన్నిటికన్నా విలువైన మాట అదే. డాక్టర్లు నన్ను నమ్మింది దానివల్లే. మా మేనేజర్లు కూడా అంత ఓపిగ్గా నేర్పలేదు. మీరెక్కడున్నా మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు అన్నా.