యాంటీబయాటిక్‌కి ఎవరి కణమో ఎలా తెలుస్తుంది?

అమ్మలూ,

కేంద్రకపూర్వ కణం (బ్యాక్టీరియాది), నిజకేంద్రక కణం (మనది) తేడాల పట్టిక బట్టీ పట్టలేక టెన్షన్‌గా ఉందన్నావు కదా. కాసేపు ఆ పట్టిక పక్కన పెట్టి ఇది చదువు. నేను షాపులో రోజూ ఇచ్చే యాంటీబయాటిక్ మందులు చాలావరకు ఆ తేడాలను పట్టుకునే పనిచేస్తాయి.

బ్యాక్టీరియా కణం చాలా చిన్నది. సాధారణంగా 1-2 మైక్రోమీటర్లు ఉంటుంది. మన ఎర్ర రక్తకణమే 7-8 ఉంటుంది. బ్యాక్టీరియాకు కేంద్రకం లేదు, డీఎన్‌ఏ కణద్రవ్యంలోనే ముడుచుకుని ఉంటుంది. కణం చుట్టూ ఉండే పల్చటి పొర, అంటే కణత్వచం మీద మాత్రం గట్టి కణకవచం ఉంటుంది. లోపల లవణాలు, ప్రోటీన్లు చిక్కగా ఉండడంతో బయటి నీళ్లు లోపలికి తోసుకొస్తూనే ఉంటాయి. ఆ ఒత్తిడికి పగిలిపోకుండా కాపాడేది కవచమే. పెరిగేటప్పుడు, రెండుగా చీలేటప్పుడు దాన్ని కొత్తగా అల్లుకోవాలి. పెన్సిలిన్ ఆ అల్లికనే ఆపేస్తుంది. నీళ్లు నిండి కణం ఉబ్బి పగులుతుంది. మన కణాలకు కణత్వచమే తప్ప కవచం లేదు కాబట్టి వాటి జోలికి రాదు. మొక్కలకూ కవచం ఉందిగా అంటావేమో, వాటిది సెల్యులోజ్ అనే పదార్థం, బ్యాక్టీరియాది పెప్టిడోగ్లైకాన్ అనే వేరే పదార్థం.

ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు బ్యాక్టీరియా కణానికీ, మన కణానికీ ఉన్నాయి. కానీ బ్యాక్టీరియావి కాస్త చిన్నవి, 70ఎస్; మనవి పెద్దవి, 80ఎస్ (వేగంగా తిప్పినప్పుడు ఎంత త్వరగా అడుగుకు దిగుతాయో చెప్పే కొలతే ఈ ఎస్). భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలు నడిపించిన కాలంలోనే, 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. టెట్రాసైక్లిన్లు అనే మందుల కుటుంబంలో అదే మొదటిది. అది బ్యాక్టీరియా రైబోజోముకు అతుక్కుని ప్రోటీన్ల తయారీ ఆపుతుంది. ఆయన గురించి నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి. మన కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాలో తయారయ్యే ఏటీపీని, అంటే కణానికి శక్తినిచ్చే అణువుని, 1929లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కనుగొన్నదీ ఆయనే.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ, బ్యాక్టీరియావి పోలిన రైబోజోములు ఉన్నాయి. ఎప్పుడో పెద్ద కణంలో చేరి అక్కడే ఉండిపోయిన బ్యాక్టీరియా సంతతే అవి. అమెరికా జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో ఇది చెబితే మొదట చాలామంది ఒప్పుకోలేదు. బ్యాక్టీరియా రైబోజోములను ఆపే లినెజోలిడ్ లాంటి యాంటీబయాటిక్ ఎక్కువ రోజులు వాడితే రక్తం తగ్గడం, నరాలు దెబ్బతినడం జరగొచ్చు. ఆ మందు మైటోకాండ్రియా రైబోజోములనూ కొంత అడ్డుకుంటుంది కాబట్టి అందులో ఈ పోలిక పాత్ర ఉంది.

జలుబుకి కూడా అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వమని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. జలుబు తెచ్చేది వైరస్. దానికి కవచం లేదు, రైబోజోములు లేవు, అసలు అది కణమే కాదు. హాస్టల్‌లో నీకు జలుబు చేస్తే ఆ మాత్రలు వేసుకోకు, తల్లీ. మూడు రోజులైనా జ్వరం తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకుని నాకు ఫోన్ చెయ్యి.

అమ్మ